గాజు గొట్టంలో పాలకూర

ఈ ఉదయం కలకత్తాలో, ఖిదిర్‌పూర్ బజార్లో పాలకూర కట్టలు ఎంచుతుంటే నాకు నవ్వు ఆగలేదు. కూరలమ్మే దాదా నన్ను వింతగా చూశాడు. ఆకుకూరను చూసి నవ్వే మనిషి అతనికి ఇదివరకు తగిలి ఉండదు. మా ఇంట్లో ఆ ఆకు చేసిన హడావుడి అతనికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పను?

అది కరోనా ఏడాది. గార్డెన్ రీచ్‌లో రేవు పనివాళ్ల క్వార్టర్సులో అమ్మ, అన్నయ్య కుటుంబం, నేను ఉండేవాళ్లం. మా మేనకోడలు కెమిస్ట్రీ చదివేది. కాలేజీ మూతపడటంతో ప్రాక్టికల్ పరీక్ష ఇంట్లోనే, ఫోన్ కెమెరా ముందు చేసి చూపించమన్నారు. గాజు గొట్టం, అందులో నింపడానికి తెల్లటి సిలికా పొడి, ఘాటు వాసన ద్రావకాలు కాలేజీ వాళ్లే ఇచ్చారు. ఆకు రసం పైన పోసి ద్రావకం వదిలితే, రసంలోని రంగులు విడిపోయి పట్టీలుగా కిందికి దిగాలి. దిగకపోతే పిల్లకి ఏడాది పోయినట్టే. ఆ ద్రావకాల దగ్గర నిప్పు ఉండకూడదని అది కిటికీలన్నీ తెరిపించి పొయ్యి ఆర్పించింది. మధ్యాహ్నం టీ తప్పడం మా అమ్మ ఎరగదు. "ఏటే, నీ ఆకు సదువుకి నా టీ ఆపీసినావా?" అంటూ గుమ్మంలో పీట వేసుకుని మరీ కూర్చుంది.

రసం పొడిలోకి ఇంకింది. చూస్తుండగానే కింద నారింజ ఛాయలో ఒక పట్టీ విడివడింది. దాని వెనకాల ఆకుపచ్చ, ఇంకా వెనకాల లేత పసుపు! "అత్తా, దిగతంది! సూడు, దిగతంది!" అని అది అరిస్తే నేనూ అరిచాను. గుప్పెడు ఆకులో ఇన్ని రంగులు దాగి ఉన్నాయని అన్నేళ్లుగా వండుతున్న నాకేం తెలుసు? అంతలో ఫోన్‌లోంచి మాస్టారు "ఎటా కీ?" అన్నారు, అదేమిటని. గొట్టం పైన చిక్కటి పసుపు పట్టీ ఒకటి, ఎంత ద్రావకం పోసినా కదలకుండా మొండికేసింది. పుస్తకంలో అలాంటిది లేదు. పిల్ల ముఖం పాలిపోయింది.

"పసుపే అది. నానే కడిగినాను పసుపు నీల్లతోటి. రోగాల కాలం, బజారు ఆకు ఊరికే ఒండుకుంతామేటి?" అంది అమ్మ తాపీగా. ఆ రోజుల్లో ఆవిడ కడగనిది లేదు, చివరికి అన్నయ్య చెప్పులు కూడా. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మేనకోడలు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, అమ్మ తాంబూలం పెట్టెలోంచి సున్నం తెచ్చి, పై పొడి కాస్త తీసి అందులో కలిపింది. దిష్టి తీసే నీళ్లలా ఎర్రబడింది! దాన్ని కెమెరాకి చూపిస్తూ, ఆ పసుపు ఆకుది కాదని, ఎలా వచ్చిందో కూడా గడగడా బెంగాలీలో చెప్పేసింది. అవతల మాస్టారు చప్పట్లు కొట్టారు. పాసైంది, అదీ మంచి మార్కులతో. మేం ముగ్గురం గంతులేస్తుంటే పక్క క్వార్టర్ వాళ్లు ఎవరికేమైందోనని పరుగెత్తుకొచ్చారు.

ఆ ఏడాది మాట ఎత్తితే అందరూ భయాలే చెబుతారు. మేమూ తక్కువ భయపడలేదు. అయినా నాకు ముందు గుర్తొచ్చేది, తలుపులు బిగించుకున్న ఆ వీధిలో మా ఇంట్లోంచి వినబడ్డ కేకలే. ఏ జ్ఞాపకం ఉంచాలో కాలం మనల్ని అడగదు గాని, ఒక్కోసారి అడిగినట్టే ఉంచుతుంది.