కొప్పులో పెన్ను

మా కాలేజీలో ఫారిన్ స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్ పనులు చూసే మేడమ్ పెన్ను ఎప్పుడూ కొప్పులోనే ఉండేది. సంతకం కావాల్సినప్పుడల్లా కత్తి దూసినట్టు లాగేది.

ఒక సెమిస్టరు మలేషియాలో చదవడానికి నన్ను ఎంపిక చేసి, ఫారం మీద నాయన సంతకం కోసం అర్ధవీడు దగ్గరున్న మా ఊరికి తనే వచ్చింది. నాయన ఒప్పుకున్నాడు. నన్ను చేసుకోవాల్సిన మేనమామను మాత్రం ఎవరూ అడగలేదు.

"నన్నడక్కుండా నా పిల్లను దేశం దాటించేదానికి నువ్వెవతివే?" అంటూ మామ దుడ్డుకర్రతో వచ్చి మేడమ్ తల పగలగొట్టాడు. నన్ను జుట్టు పట్టి గోడకేసి బాదాడు. అడ్డొచ్చిన నాయనను కాలితో తన్నాడు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి మామను కిందపడేసి పట్టుకున్నారు.

మేడమ్ తల నుంచి నెత్తురు ఫారం మీద కారుతోంది. ఆమె కొప్పులోంచి పెన్ను లాగింది.

"ఆయప్పను పట్టుకున్నారులే అన్నా. నువ్వు సంతకం పెట్టు."

నాయన పెట్టాడు.

ఆ ఫారమే స్కాన్ చేసి మలేషియాకు పంపాం. మరకలున్నాయి, శుభ్రమైన కాపీ పంపమని అక్కణ్ణుంచి మెయిలొచ్చింది.

అది చదివి మేడమ్ కొత్త ఫారం తీసి, అలవాటుగా చెయ్యి తల వెనక్కి పోనిచ్చింది. కుట్లు వేయడానికి జుట్టు గొరిగేశారు. కొప్పు లేదు, కట్టుంది.

"అట్ల చూస్తావేంది?" అంది నాతో. "నీ పెన్ను తీసుకో. పా, మల్లా మీ ఊరికి పోదాం."