గొడుగు లేస్తేనే మూడో గంట

"చిన్నమామయ్యా, అత్తయ్య లేవట్లేదు."

తెల్లవారుజామున ఫోన్‌లో మా వదిన కోడలి గొంతు. ఆ పిల్ల మొహమ్మీద ఎండ పడితే గానీ లేచే రకం కాదు. అలాంటిది విజయవాడ మొదటి బస్సు హారన్ కొట్టకముందే ఫోన్ చేసిందంటే, మాట పూర్తి కాకముందే నాకు సంగతి అర్థమైంది. తిరువూరులో మా సందు మొత్తాన్నీ నిద్ర లేపిన మనిషి ఆ పొద్దున తను లేవలేదు.

పరుగున వెళ్ళి చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, ఫాదర్ గారి ప్రసంగంలో కునుకు తీసేటప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గుడికి పోయి చావు గంట కొట్టాను. మా గుడిలో గంట కొట్టేది నేనే లెండి. అయిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, అంతకన్నా పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

మా విచారణ స్వర్ణోత్సవం గురించి నాలుగు మాటలు రాయమని ఫాదర్ గారు అడిగారు. విచారణ అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడీ, దాని చుట్టూ ఊళ్ళూ. నేను పండుగ గురించి మొదలుపెట్టినా మా వదిన దగ్గరికే పోతాను. కాబట్టి ఆమె గురించే రాస్తున్నాను.

ఆమె మా అన్నయ్యని చేసుకుని వచ్చేనాటికి మాకు గుడి లేదు, రేకుల షెడ్డు ఉండేది. గంట లేదు, చింతకొమ్మకి వేలాడదీసిన రైలుపట్టా ముక్క ఉండేది. పూజకి వచ్చేవాళ్ళంతా కలిసి ఒక ట్రాక్టర్ ట్రక్కులో పట్టేసేవాళ్ళు. తర్వాత విచారణ ఏర్పడింది, గోడలు లేచాయి, అసలు గంట వచ్చింది. గంట తాడు నా చేతికొచ్చింది. జనం మాత్రం గంట విని రాలేదు. మా వదిన కేక విని వచ్చారు.

మాకు ఆదివారం మూడు గంటలు. మొదటి గంటకి లేవాలి, రెండో గంటకి బయల్దేరాలి, మూడో గంటకి ఫాదర్ గారు పీఠం దగ్గరికి వస్తారు. వారమంతా పత్తి తీసి, మిరపకాయ కోసి వచ్చిన ఒళ్ళు మొదటి గంటకి లేస్తాయా? అందుకని ఆమె నల్ల గొడుగు పట్టుకుని బయల్దేరేది. వానాకాలమైనా ఎండాకాలమైనా అదే గొడుగు. దాని మొనతో తలుపులు పొడిచేది.

"గంట మోగుతోంది కదా వదినా, నువ్వెందుకు గొంతు చించుకోవడం?" అన్నానొకసారి.

"గంటకి పేర్లు తెలుసా ఏంటయ్యా? పేరు పెట్టి పిలవడానికి మనిషి కావాలి" అంది.

మా సందు చివర ఒక తాపీ మేస్త్రి ఉంటాడు. ఆదివారం వస్తే అతనికి జ్వరం. ఒకరోజు దుప్పటి లోంచే "జ్వరం పెద్దమ్మా" అని మూలిగాడు.

"అయ్యో నాయనా! ఉండు, ఫాదర్ గారిని పిలుచుకొస్తా. పోయేముందు పూసే నూనె పూస్తారు. హాయిగా పోదువుగానీ."

మేస్త్రి దుప్పటి అవతల పారేసి, చొక్కా తిరగేసి తొడుక్కుని, ఆమె కన్నా ముందే గుడికి చేరాడు. ఇప్పుడు మీరు చెప్పులు విడిచే గుడి అరుగు అతను కట్టిందే.

ఇంతమందిని తోలుకొచ్చేసరికి ఆలస్యం కాదూ? ఒక కొత్త ఫాదర్ గారు గడియారం చూసి కొట్టమన్నారు. కొట్టాను. సువార్త చదువుతుండగా మా వదిన మందతో దిగింది. పిల్లల ఏడుపులు, పట్టీల చప్పుడు, ముసలమ్మల దగ్గు. పూజ అయ్యాక ఫాదర్ గారు ఆమెని ఆపారు.

"ఏంటమ్మా, ప్రతివారం ఆలస్యం?"

"నన్నొక్కదాన్ని రమ్మంటే మొదటి గంటకే వస్తానండి. వీళ్ళందరినీ తీసుకుని రమ్మంటే ఇదేనండి టైము. ఏది కావాలో మీరే చెప్పండి."

ఫాదర్ గారు ఆమె వెనకాల నిలబడ్డ జనాన్ని చూశారు. ముందు నవ్వి, తర్వాత నావైపు తిరిగి, "ఆమె గొడుగు కనపడ్డాక కొట్టండి" అన్నారు.

అప్పట్నుంచి అదే మా పద్ధతి. సందు మలుపులో టిఫిన్ బండి దగ్గర ఆఖరి మనిషిని కూడా దాటించి ఆమె గొడుగు పైకెత్తేది. నేను మూడో గంట కొట్టేవాణ్ణి. "పిల్లలకోడి వచ్చిందహో" అని అరిచేవాణ్ణి. "తాడు లాగడం తప్ప ఇంకేమొచ్చు నీకు?" అనుకుంటూ లోపలికి పోయేది.

అంతా చేసి, ప్రసంగం మొదలవగానే నిద్రపోయేది! అడిగితే, "లేవాల్సినవాళ్ళు లేచారుగా. ఇక నేను పడుకుంటే నీకేం నొప్పి?" అనేది.

ఊరందరినీ లేపేది గానీ సొంత కోడలి తలుపు మాత్రం తట్టేది కాదు. ఆ పిల్ల ప్రైవేటు బడిలో టీచరు.

"ఇంట్లో మనిషిని లేపలేవుగానీ ఊరిమీద పడతావు" అని ఉడికించాను.

"వారమంతా పిల్లలతో అరిచి వస్తుంది, పడుకోనీ. అదే లేస్తుందిలే" అంది. నేను నమ్మలేదు.

ఆమెకి ఒకటే కోరిక. స్వర్ణోత్సవం నాడు మా సందు సందంతా గుడిలో ముందు వరసల్లో ఉండాలి. "బిర్యానీకి ఎలాగూ వస్తారు. పూజకి రావాలి" అనేది. ఆ పండుగ ఇంకో నెలలో ఉందనగా పోయింది.

తర్వాతి ఆదివారం తాడు పట్టుకుని మలుపు వైపు చూశాను. టిఫిన్ బండి, ఒక కుక్క. ఫాదర్ గారు చేయి ఊపితే కొట్టాను. మా సందు వాళ్ళ వరసలు ఖాళీ. ఆ పైవారం నేనే వెళ్ళి మేస్త్రి తలుపు తట్టాను.

"జ్వరం బాబాయ్."

"నూనె పూయించమంటావా?"

"నీవల్ల కాదులే బాబాయ్" అని అటు తిరిగి పడుకున్నాడు.

పండుగ రోజు వచ్చింది. షామియానాలు, సీరియల్ బల్బులు. గంపలగూడెం వైపు నుంచి ఆటోల నిండా జనం. బిషప్ గారు వచ్చారు. గుడి వెనక డేగిశాల మూతలు ఆవిరికి ఎగురుతున్నాయి. మొదటి గంట కొట్టాను, రెండో గంట కొట్టాను. మలుపులో ఎవరూ లేరు.

కమిటీ పెద్ద పరుగెత్తుకొచ్చాడు. "తాతా, బిషప్ గారు రెడీ. కొట్టు."

"తాడు చిక్కుపడింది."

"చిక్కేది? నాకేం కనపడట్లేదే!"

"కళ్ళజోడు పెట్టుకుని చూడు."

అతను జేబులో కళ్ళజోడు వెతుక్కుంటుంటే మలుపు అవతల నుంచి పేర్లు వినిపించాయి. ఎవరో ఒక్కొక్కరినే పేరు పెట్టి కేకేస్తున్నారు. ముందు పిల్లలు వచ్చారు, తర్వాత ముసలమ్మలు. తర్వాత మేస్త్రి, కొత్త చొక్కా తిరగేసి. అందరినీ దాటించాక, ఊచ విరిగిన నల్ల గొడుగొకటి గాల్లోకి లేచింది.

దాని కింద పట్టుచీర కట్టుకుని, తల సగమే దువ్వుకున్న మా వదిన కోడలు.

నేను తాడు లాగాను. ఎంత లాగానంటే గూట్లో పావురాలన్నీ లేచిపోయాయి. కమిటీ పెద్ద చెవులు మూసుకున్నాడు.

గుమ్మంలో ఆ పిల్లని ఆపి అడిగాను. "మేస్త్రికి జ్వరం తగ్గిందా?"

"నూనె సీసా చూపించాను, మామయ్యా."

"ఫాదర్ గారిచ్చారా?"

"కొబ్బరినూనె" అని కొంగులో నవ్వుకుంటూ లోపలికి పోయింది.

బిషప్ గారి ప్రసంగం మంచిదే గానీ పొడుగు. నడిమధ్యలో ముందు వరసల వైపు చూశాను. ఎక్కడా ఖాళీ లేదు. అంచున మా వదిన కూర్చునే చోట కోడలు కూర్చుంది. గొడుగు ఒళ్ళో ఉంది, తల గోడకి ఆనింది, నోరు కొంచెం తెరుచుకుంది. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడవబోయింది.

వద్దని వేలు ఊపాను.