లుద్మా వదిన నలభై సెకన్లు

మా ఊరి వాళ్ళకు నిజం చెబితే ఎక్కదు, అబద్ధమైతే కళ్ళకద్దుకుంటారు. లేకపోతే మొహానికి సున్నం పూసుకుని శవపేటికలోంచి లేచే మనిషిని యాభై ఏళ్ళు నెత్తిన పెట్టుకుని, మా లుద్మా వదినను అబద్ధాలకోరు అంటారా? అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, అందుకే ఈ మంట.

వదినకు పంతొమ్మిదేళ్ళప్పుడు, 1963 వేసవిలో, ఒహైయో నది ఒడ్డునున్న మా ఉక్కు మిల్లు ఊళ్ళోకి ఓ పది మంది కెమెరా వేసుకుని దిగారు. ఇసుక గుంటలో దయ్యాల సినిమా తీశారు. నలుపు తెలుపుల్లోనే, రంగులకు వాళ్ళకు తాహతు లేదు. రొట్టెల దుకాణంలో పనిచేస్తున్న వదినకు వాళ్ళమ్మ కోటే తొడిగించి, గేటు దగ్గర నిలబెట్టి ఒక్క మాట చెప్పించారు: “తలుపు తీయకండి. లోపలున్నది మా నాన్న కాదు.” సినిమా మా ఊరి హాలుకు వచ్చిన రోజే నదికి వరదొచ్చి హాలు మునిగింది. తీసినవాళ్ళు దివాలా తీశారు. ఆ మాట మాలో ఎవరి చెవినా పడలేదు.

ఐదేళ్ళ తరువాత ఆ సినిమాను మా టీవీ స్టేషన్ వాళ్ళు కారుచౌకగా కొన్నారు. అక్కడ వెండెల్ ప్రూయిట్ అనే ఘనుడుండేవాడు. సాయంత్రం ఆరింటికి వాతావరణం చెప్పేవాడు. అతను ఎండన్న రోజున మేం గొడుగు పట్టుకెళ్ళేవాళ్ళం. శనివారాల్లో మాత్రం మొహానికి సున్నం పూసుకుని, నల్ల దుప్పటి కప్పుకుని, శవపేటికలోంచి లేచే ‘గోరీ మామయ్య’ అవతారం ఎత్తి, దయ్యాల సినిమాలు వేస్తూ మధ్యమధ్యలో దూరి వెక్కిరించేవాడు. ఆ పిచ్చి జోకులకు ఊరు ఊరంతా పడి దొర్లేది.

వదిన చుట్టాలందరినీ పిలిచింది. బంగాళాదుంప కుడుములు, వెన్నలో వేయించిన క్యాబేజీ పెట్టి, టీవీ ముందు కూర్చోబెట్టింది. అప్పటికి మా అన్నయ్య స్టెఫాన్‌తో ఆవిడకు పెళ్ళై రెండేళ్ళు. హీరో గేటు వైపు నడుస్తున్నాడు. అందరం ఊపిరి బిగబట్టాం. ఠపీమని కార్పెట్ల దుకాణం ప్రకటన వచ్చింది. అది అయ్యేసరికి హీరో ఇంటి లోపల దయ్యం చేతిలో ఉన్నాడు.

“మా హాలీవుడ్ వదిన ఏదీ? కార్పెట్ కిందుందా?” అన్నాను. ఆ పాడు మాట నాదే. ఇల్లంతా ఘొల్లుమంది.

“చెప్పాను పెట్రా, ఒట్టు, నేనా మాట చెప్పాను,” అంది వదిన.

“పోనీలే, కలగని ఉంటావు,” అన్నాడు అన్నయ్య, పెద్ద దయ తలచినట్టు.

పదేళ్ళపాటు ప్రతి అక్టోబరులోనూ వదిన ఆ టీవీ ముందు కూర్చుంది. ప్రతి ఏడూ కార్పెట్లే వచ్చాయి. పైగా మా అన్నయ్య ఆ దుకాణంలోనే ఓ కార్పెట్ కొని తెచ్చి ముందు గదిలో పరిచాడు! అంతటితో పోతే బాగుండేది. అప్పటి నుంచి వదిన ఏం చెప్పినా “ఇదీ సినిమా డైలాగేనా?” అనడం ఆయనకు అలవాటైపోయింది. ఒకసారి, నేలమాళిగలో గ్యాసు వాసనొస్తోంది, చూడమంది. “సినిమా డైలాగా?” అన్నాడు. మూడో రోజున గుప్పున అంటుకుని గోడ మాడి బొగ్గయింది. అయినా ఒప్పుకున్నాడా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మొన్నటేడు ఎవరి అటకమీదో అసలు నెగెటివ్ దొరికిందట. ప్రతి బొమ్మనూ కడిగి తుడిచి, కొత్త డిస్కు చేసి అమ్మకానికి పెట్టారు. మేం నవ్వి నవ్వి చచ్చిన సినిమాను న్యూయార్క్ పెద్దలు కళాఖండం అన్నారు. అనడమే తడవు, మా ఊరికి గర్వం పొంగుకొచ్చింది. నిన్నటిదాకా చెత్త అన్న నోళ్ళే “మా ఇసుక గుంట, మా సినిమా” అంటూ ఊరేగాయి. వదిన డిస్కు తెప్పించుకుంది గానీ పైకాగితం కూడా చింపలేదు.

“చూడొచ్చుగా వదినా?”

“ఇందులోనూ లేకపోతే? అప్పుడు నేను నిజంగానే అబద్ధాలకోరునవుతాను పెట్రా. ఈ డెబ్భై మూడేళ్ళ వయసులో నాకెందుకది?”

శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో ఆ డిస్కే వేస్తున్నారంటే, వదిననూ అన్నయ్యనూ నేనే బలవంతాన లాక్కెళ్ళాను. ముందుగా గోరీ మామయ్యను వేదిక ఎక్కించారు. ఎనభై ఐదేళ్ళొచ్చినా అదే దుప్పటి, అదే సున్నం.

“సినిమా పొడుగు, ప్రకటనలు బోలెడు! ఏం చేశాను? కత్తెర తీశాను. గేటు దగ్గర ఓ పిల్ల ఏదో గొణుగుతుంది. కచక్! కార్పెట్లకు చోటు దొరికింది!” అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. సిగ్గులేని జనం. వదిన ఒళ్ళో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

సినిమా మొదలైంది. హీరో గేటు వైపు నడిచాడు. గేటు పక్కన, ఒక గుండీ ఊడిన కోటులో పంతొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళలో నీటి పొర కూడా కనబడుతోంది. “తలుపు తీయకండి. లోపలున్నది మా నాన్న కాదు.” హాల్లో ఒక్కరూ నవ్వలేదు. మొత్తం నలభై సెకన్లు. సినిమా అంతటికీ భయమేసింది అక్కడే, ఆ దద్దమ్మ దాన్నే కోసి పారేశాడు! నేనేం తక్కువ తిన్నాను? సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక అన్నయ్య సోఫాలో కూలబడి అన్నాడు: “ఇంత బాగా చేశావని ఎప్పుడూ చెప్పలేదేం?”

వదిన ఆయన వైపు చూసింది. వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచే పిలిచింది. “స్టెఫాన్, కింద గ్యాసు వాసనొస్తోంది.”

మా అన్నయ్య మారుమాట లేకుండా లేచాడు. అరిగిన మోకాళ్ళతో కటకటమంటూ మెట్లు దిగాడు.

“నాకేం రావట్లేదే వదినా?” అన్నాను.

“నాకూ రావట్లేదు,” అని, టీకి నీళ్ళు పెట్టింది.