సముద్రం లేని చోట రొయ్యలకు టీకా

2003 వానాకాలం మొదట్లో నన్ను షామీర్‌పేట దగ్గరి ఒక టీకాల కంపెనీ పరిశోధనశాలకు రొయ్యల విభాగం అధిపతిగా వేశారు. అధిపతి అన్న మాట అబద్ధం కాదు. విభాగంలో నేను, నీళ్ళు మార్చే ఇద్దరు మనుషులు ఉండేవాళ్ళం. పన్నెండు తొట్లనూ కలుపుకుంటే పదిహేను మందిమి.

అప్పట్లో కోస్తా చెరువులను తెల్లమచ్చ వైరస్ ఊడ్చేస్తోంది. దానికి టీకా తయారుచేయడం మా పని. నా చేత్తో లక్ష రొయ్యలకు సూది వేశానని పెళ్ళిళ్ళలో చెబుతుంటాను. ఒక్కదానికీ వేయలేదు. మా టీకా మేతలో కలిపేది. వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్‌ను హానిలేని బ్యాక్టీరియా చేత తయారుచేయించి, ఆ బ్యాక్టీరియాను చంపి, మేత గుళికలకు పూతగా పట్టించేవాళ్ళం. రొయ్య తినేది, అంతే.

బోరు నీళ్ళలో ఉప్పు కలిపి మేమే సముద్రాన్ని చేసుకునేవాళ్ళం. తొట్ల గదికి నీలం పరదాలు. మధ్యాహ్నం పూట అక్కడ నిలబడితే బుడగల చప్పుడుకు కాళ్ళకింద నేల మెల్లగా ఊగుతున్నట్టుండేది. గాజులాంటి రొయ్యలు కదులుతుంటే, నడిచేవి అవా, నీళ్ళా అని సందేహం వచ్చేది. తలుపు తీస్తే మళ్ళీ మా పక్క ఊరు లాల్‌గడి మలక్‌పేట్ ఎర్రమట్టి, ద్రాక్ష పందిళ్ళు.

ఆ పందిళ్ళలో ఒకటి నర్సింహారెడ్డి గారిది. కాపు తగ్గిందని, పందిరి పీకి రొయ్యల చెరువు తవ్వాలని ఆయన ఆలోచన. ఉప్పునీళ్ళు నిలిచిన నేలలో ద్రాక్ష మళ్ళీ రాదని ఆయనకూ తెలుసు. అందుకే మా పరీక్ష ఫలితం కోసం ఆగాడు.

ఆ పరీక్షను మేము ఛాలెంజ్ అంటాం. టీకా తిన్న రొయ్యలకూ తినని రొయ్యలకూ జబ్బు రొయ్యల మాంసం పెట్టి, ఏవి బతుకుతాయో చూడటం. తిననివి వారం తిరక్కుండా పోయాయి. తిన్నవి దాదాపు అన్నీ బతికాయి. రెడ్డి గారు తొట్టి మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"డాక్టర్ సాబ్, కోళ్ళకు ఏసినట్టు ఒక్కపారి ఏస్తే సాలు గదా?"

చెప్పవలసిన జవాబు, ఇంకా తెలియదని. మన ఒంట్లోలాగా టీకాను ఏళ్ళ తరబడి గుర్తుంచుకునే ఏర్పాటు రొయ్య ఒంట్లో లేదు. రక్షణ ఎన్నాళ్ళుంటుందో తేల్చడానికి, టీకా మేత ఆపి కొన్ని వారాల తరువాత చేసే రెండో ఛాలెంజ్ మిగిలే ఉంది. నేను కళ్ళజోడు తుడుచుకుని, "ఇక వీటికి చావు లేదు పటేలా" అన్నాను.

రెండో ఛాలెంజ్ నడుస్తుండగా ఒక సోమవారం పొద్దున్నే రెడ్డి గారు భార్య అనసూయమ్మ గారిని వెంటబెట్టుకుని వచ్చాడు. మర్నాడు తోట నరకడానికి కూలీలు వస్తున్నారు, అంతకుముందు ఆమెకు చావులేని రొయ్యలను చూపించాలి. ముందురోజు ఆదివారం సెలవు, నేనూ అప్పుడే వచ్చాను. ముగ్గురం కలిసే లోపలికి వెళ్ళాం.

నీలం వెలుతురులో బుడగలు ఎప్పటిలాగే పైకి వస్తున్నాయి. ఆమె తొంగి చూసింది.

"ఏందయ్యా, గివి పండుకున్నయా?"

రొయ్యలన్నీ పక్కకు ఒరిగి అడుగున ఉన్నాయి. తలల మీద తెల్లమచ్చలు.

"గివి టీకా తిన్నయే గదా సాబ్?" అన్నాడు రెడ్డి గారు.

"తిన్నవే."

"మరి మర్చిపోయినయా?"

సైన్సు చెప్పేదీ అదే కనుక తల ఊపాను.

"సావు లేదంటివి గదా సాబ్!"

నేను మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నాను. అనసూయమ్మ గారే అందుకుంది. "గవి మర్చిపోయినయ్. నువ్వన్న యాది పెట్టుకో. కూలోళ్ళకు ఫోన్ జెయ్యి జల్దీ, రేపు రావద్దని."

తోటలోకి పరుగెత్తి గొడ్డళ్ళకు అడ్డం నిలబడ్డానని ఈ కథ చివర కలుపుతుంటాను. నిజానికి నేను చేసింది, రెడ్డి గారికి ఆఫీసు ఫోన్ చూపించడం.

టీకా పనిచేస్తుందని, కొన్ని వారాలే పనిచేస్తుందని నివేదికలో రాశాను. రెండు వాక్యాలూ నిజమే. మొదటిది ఒక్కటే తెలిసిన రోజున ఎవరినీ తొట్ల గదిలోకి రానివ్వకూడదు. ముఖ్యంగా పక్క చేను వాళ్ళను.