పదకొండో నంబరు భార్య

చోడవరం బస్‌స్టాండు వెనక ఉన్న నర్సింగ్‌హోములో రాజ్యం ఇరవై ఏళ్లుగా నర్సు. బోర్డు మీద పేరు డాక్టరుగారిదే గానీ, జనం వచ్చేది రాజ్యాన్ని చూసి.

తొంభై ఎనిమిదిలో అక్కడికి మోకాళ్ల నొప్పుల కొత్త మాత్ర పరీక్షకొచ్చింది. పద్నాలుగు మందికి ఉచితంగా మాత్రలివ్వాలి. పదిహేను రోజులకోసారి వాళ్లు ఖాళీ అట్టలు తెచ్చి చూపించాలి. ఎవరికేమయిందో రాజ్యం రాసేది. నిద్ర పట్టలేదన్నా రాసేది, కోడలితో పడటం లేదన్నా రాసేది. కొన్నాళ్లకి కంపెనీ మనిషి ప్రేమ్‌కుమార్ విశాఖపట్నం నుంచి ఒళ్లో పెట్టుకునే కంప్యూటరుతో దిగాడు. ఇకమీదట రాతలక్కర్లేదట. అవునో కాదో నొక్కితే చాలట, సాయంత్రానికల్లా ఫోను తీగ మీద బొంబాయి చేరిపోతుందట. రాజ్యం రాతలు తిరగేసి నవ్వాడు కూడాను. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని ఊరికే అనలేదు పెద్దలు.

పదకొండో నంబరు తవిటయ్య. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలే మనిషి. ప్రతిసారీ అట్టలన్నీ ఖాళీగా తెచ్చేవాడు. నూటికి నూరని తెర మీద పచ్చగా పడితే ప్రేమ్‌కుమార్ తానే మందు కనిపెట్టినట్టు మురిసిపోయేవాడు.

ఒకరోజు తవిటయ్య తన భార్య గున్నమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె మొహం ఉబ్బింది. కాళ్లు వాచి, మెట్టెలు వేళ్లలోకి దిగబడిపోయాయి. ఒంటేలు రెండు రోజులుగా చుక్కచుక్కగా వస్తోందని చెప్పింది. రాజ్యం ఆ వాపు మీద వేలితో నొక్కి చూసింది. ఏం మందులు తింటోందని అడిగితే తవిటయ్యే చెప్పాడు, ఏ దాపరికమూ లేకుండా.

"రోజుకి రెండిచ్చేరు కదమ్మా. నానొకటి, అదొకటి. దానికీ మోకాళ్లే. ఇంట్లో మందుంటే నానొక్కడినే ఎలా తింతాను?"

మాత్ర మానొద్దని తనే వందసార్లు చెప్పింది. పంచొద్దని ఒక్కసారీ చెప్పలేదు. రాజ్యానికి తన మీద తనకే ఒళ్లు మండింది.

అప్పటికప్పుడు ప్రేమ్‌కుమార్‌కి ఫోన్ చేసింది. వాడు తాపీగా విన్నాడు. ఆవిడకి నంబరు లేదు కదా, నంబరు లేనివాళ్లని ఎక్కించడానికి కంప్యూటర్లో చోటు లేదు సిస్టర్ అన్నాడు. పోనీ తవిటయ్య సగమే తిన్నాడని రాయమంటే, అట్ట ఖాళీయే కదా అన్నాడు. ఛీ, వాడి చదువు తగలెయ్య! రాజ్యం తవిటయ్య దగ్గర మిగిలిన మాత్రలు లాక్కుని బీరువాలో పెట్టి, గున్నమ్మను ఆటోలో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయని, ఇంకో వారమయితే మనిషి దక్కేది కాదని అన్నారక్కడ.

రాజ్యం తిరిగొచ్చేసరికి తవిటయ్య అట్ట అప్పజెప్పాల్సిన రోజు దాటిపోయింది. తెర మీద ఎర్రగుర్తు పడింది. మనిషి వాచిపోతోందంటే కదలని ప్రేమ్‌కుమార్ అట్ట కోసం మొదటి బస్సుకే ఊడిపడ్డాడు. పదకొండో నంబరు పాడయిపోయిందని ఒకటే గోల.

"పాడయింది నంబరు కాదు బాబూ, గున్నమ్మ కిడ్నీలు. అది రాయి."

వాడేదో నొక్కాడు. తవిటయ్య తన ఇష్టంతోనే పరీక్ష మానుకున్నట్టు తెర మీద పడింది, ఎర్రగుర్తు పోయింది. వాడికి ప్రాణం లేచొచ్చి, కాఫీ తెప్పించమన్నాడు.

రాజ్యం కాఫీ తెప్పించలేదు. చెప్పులేసుకుని, మిగతా పదమూడు మంది ఇళ్లకీ బయల్దేరింది. మొదటిది వడ్డాదిలో సత్యారావు ఇల్లు. ఈ మాత్రలు నువ్వు కాక ఇంకెవరు తింటున్నారని అతన్ని అడిగింది. అతను నోరు విప్పేలోగా, అరుగు మీద కూర్చున్న వాళ్లమ్మ నరసమ్మ కోక కాస్త పైకి లాక్కుని, వాచిన కాళ్లు రెండూ రాజ్యం ముందుకు చాపింది.