పటికబెల్లం పలుకు

ఈ మాట మోస్తూనే ముసలిదాన్నయ్యాను. మావారికి చెప్పలేదు. ప్రార్థనలో ఎన్నోసార్లు మోకరించాను గాని, అక్కడ కూడా చుట్టూ తిప్పి చెప్పానే తప్ప నేరుగా నోరు విప్పలేదు. దేవుడికి తెలుసులే అని సరిపెట్టుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

పోలీసు యాక్షన్ అయిన కొత్తలో సంగతి. గుంటూరు వైపు నుంచి వచ్చి, సికింద్రాబాదు పక్కన తిరుమలగిరిలో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నైజాం ఏలుబడి పోయింది, యూనియన్ సైన్యం వచ్చింది. మా వీధిలో తలుపులు మాత్రం తెరుచుకోలేదు. రజాకార్ల కాలమంతా హిందువులు భయపడ్డారు, ఇప్పుడు ముస్లిములు భయపడుతున్నారు. రజాకార్లకు సాయం చేశారన్న అనుమానం వస్తే చాలు, పోలీసులు పట్టుకుపోయేవారు. అప్పుడు మా పెద్ద టీచరు దేవమ్మగారు, వీధి పెద్దలు కలిసి శాంతి బంతి పెట్టాలనుకున్నారు. ప్రతి ఇంటి నుంచి గుప్పెడు బియ్యం, చర్చి ఆవరణలో ఒకే డేగిసాలో వంట, అందరికీ ఒకే వరుసలో భోజనం. ఆ బంతిలో కూర్చున్న ప్రతి మనిషికీ పెద్దలు పూచీ. పోలీసులు వస్తే, వీడు మావాడని చౌకీకి వెళ్ళి చెబుతారు.

పిలవడం ఎలా? బొట్టు పెట్టి పిలవడం మా క్రైస్తవులకూ కుదరదు, ముస్లిములకూ కుదరదు. గడపలో నిలబడి, చేతిలో పటికబెల్లం పలుకు పెట్టి పిలవాలని దేవమ్మగారే తేల్చారు. పిలవకుండా ఎవరైనా తమంతట తాము వచ్చే రోజులు కావవి. మా వరుస ఇళ్ళు నాకు అప్పజెప్పారు.

చివరి ఇల్లు దర్జీ ఖాసిం సాబుది. రజాకార్లు గుడ్డ తెచ్చి పడేస్తే వాళ్ళకు చొక్కాలు కుట్టి ఇచ్చాడు. కుట్టనంటే ఊరుకునేవారా? ఈ ప్రశ్న ఇప్పుడు వేసుకుంటున్నాను, అప్పుడు వేసుకోలేదు. మా తమ్ముణ్ణి రైల్లో చావగొట్టింది ఆ చొక్కాలవాళ్ళే. ఆ దెబ్బలకు వాడికి ఒక చెవి పోయింది. గడప దాకా వెళ్ళాను. లోపల మిషను చప్పుడు వింటుంటే నా ఒళ్ళు మండిపోయింది. ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు. రాలేదా, నేనే రానివ్వలేదా? వెనక్కి తిరిగి, వాళ్ళకివ్వాల్సిన పలుకు నా నోట్లో వేసుకున్నాను.

"పిలిచానండీ. రామన్నారు," అని దేవమ్మగారికి చెప్పాను.

బంతి రోజు నేను చూసింది చెప్పడం నాకు పూర్తిగా చేతకాదు. రజాకార్ల చేతిలో కొడుకును పోగొట్టుకున్న మల్లవ్వ పప్పు గరిట పట్టుకుని వరుస వెంట వచ్చి, ఒక ముసలి ముల్లా ముందు ఆగింది. "కారం జెర ఎక్కువైంది తాతా, చూసుకొని తిను," అని ఆమె వడ్డించింది. ఆయన తల వంచుకుని తిన్నాడు, కన్నీళ్ళు విస్తట్లో పడుతున్నా తింటూనే ఉన్నాడు. మనుషులు ఇంత పెద్దవాళ్ళు కాగలరని నాకు అంతవరకు తెలియదు. కొడుకు పోయినామె చేయగలిగింది, చెవి పోయినవాడి అక్క చేయలేకపోయింది. అప్పుడైనా లేచి పరుగెత్తి ఖాసిం సాబు వాళ్ళను పిలుచుకు వచ్చి ఉండొచ్చు. ఎందుకు లేవలేదు? నా అబద్ధం బయటపడుతుందని. అంతే, ఇంకే కారణమూ లేదు.

కొన్నాళ్ళకే ఖాసిం సాబును పట్టుకుపోయారు. పిలిస్తే రానన్నవాళ్ళకు మనమేం పూచీ ఇస్తామని పెద్దలు ఊరుకున్నారు. ఆ మాట అన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఎండాకాలంలో వదిలిపెట్టారు. మనిషి తిరిగొచ్చాడు గాని చేతులు వణికేవి, సూదిలో దారం ఎక్కేది కాదు. మిషను అమ్మేసి, గుల్బర్గాలో ఉన్న బావమరిది దగ్గరికి బయలుదేరారు.

సామాను బండికెక్కిస్తుంటే దేవమ్మగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆమెకు మనసు ఊరుకోలేదు. ఖాసిం సాబు భార్య హమీదాబీని అడిగేశారు.

"ఆ రోజు పిలిస్తే ఎందుకు రాలేదమ్మా? వచ్చి ఉంటే నేనే చౌకీకి వెళ్ళి చెప్పేదాన్ని కదా."

హమీదాబీ నా వైపు చూసింది.

"ఔనమ్మా," అంది. "టీచరమ్మ వచ్చింది, పిలిచింది. మేమే రాలే."

ఎందుకలా అంది? నా ఉద్యోగం పోతుందనా, నలుగురిలో నా తల వంగుతుందనా? ఆమె తల అప్పటికే వంగిపోయి ఉంది కదా, నా తల సంగతి ఆమెకెందుకు? ఇన్నేళ్ళుగా తవ్వుకుంటున్నా నాకు జవాబు దొరకలేదు. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

బండి ఎక్కబోతూ దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి నా చేతిలో ఏదో పెట్టింది. పటికబెల్లం పలుకు. పర్దా వెనక నుంచి అంతా చూసిందని అప్పుడు అర్థమైంది.

"గుల్బర్గల మా ఇంటికి రా టీచరమ్మా. పిలుస్తున్న, యాది పెట్టుకో."

ఎత్తిపొడుపు కాదది. ఆ ముఖం చూసినదాన్ని, నాకు తెలుసు. గుల్బర్గా ఎంత దూరమని? సికింద్రాబాదులో రైలెక్కితే చాలు. స్టేషను ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో.

దేవమ్మగారు పోయారు, మా తమ్ముడూ పోయాడు. నన్ను క్షమించాల్సినవాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీది కాదు. చెప్పాను, అంతే. గుండె కొంచెం తేలికైంది, దాచను.

ఆమె పిలిచింది. నేనే వెళ్ళలేదు.