డాక్టర్ సాబ్ తొడుక్కున్న పచ్చ గాజులు

మొన్న పొద్దున దుకాణం తెరుస్తుండగా జట్కా ఆయన చెప్పాడు, హుస్సేనీ ఆలంలో ఉండే డాక్టర్ సాబ్ పోయారని. కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతలోనే నవ్వూ వచ్చింది! ఎందుకో మీకూ చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. చిన్నప్పటి నుంచీ నా కుడి భుజం దానంతట అదే ఎగురుతుంది. తుమ్మును ఆపుకున్నట్టు కాసేపు ఆపుకోగలను, అంతే. గాలి సోకిందని కొందరు, వేషాలని కొందరు. లాడ్ బజార్‌లో మాది గాజుల దుకాణం. వచ్చే ఆడవాళ్ళకు గాజులు తొడగాలని నా ప్రాణం కొట్టుకునేది. బాపు ససేమిరా అన్నాడు. "గాజు పగిలి ఎవరి చెయ్యన్న కోసుకుంటే?"

చివరికి డాక్టర్ సాబ్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఎదుట నా భుజం కదిలితే ఒట్టు! ఆయన నవ్వి, కుర్చీ తిప్పుకుని, నాకు వీపు పెట్టి బాపుతో ముచ్చట్లలో పడ్డారు. చూడటం లేదు కదా అని నేను ఊపిరి వదిలాను. భుజం ఎగిరింది, నా చేతి గాజులు గలగలమన్నాయి. ఆయన వింటున్నది అదే! ఎంత తరచుగా, ఎంత గట్టిగా, అన్నీ చెవులతోనే కొలిచేశారు.

"మస్తు గట్టిగనే ఉంది," అన్నారు ఇటు తిరిగి. బాపు ముఖం వాడిపోయింది. "కని గిది సగం కొలతనే. దీనితోని నీకు ఏ పని ఆగింది బిడ్డా?"

"గాజులు తొడగనిస్తలేరు సాబ్."

"తొడిగి చూసినవా?"

"లేదు."

"మరి ఆపింది నీ భుజమా, మీ బాపా?"

ఆ సాయంత్రమే దుకాణానికి వచ్చి చెయ్యి చాపారు. పహిల్వాన్ చెయ్యి! "నాకు తొడుగు. గాజు గీ చెయ్యి దాటితే ఏ చెయ్యైనా దాటుతది."

"అరే భాయ్, డాక్టర్ సాబ్‌కు షాదీ!" అని ఎవరో అరిచారు. బజారంతా మూగింది. వేళ్ళు దగ్గరికి నొక్కి పచ్చ గాజు ఎక్కించాను. ధ్యాసంతా దాని మీదే. ఒకటి దిగింది. ఇంకొకటి. భుజం సంగతే మరిచిపోయాను! ఆఖరి గాజు కూడా దిగాక ఎగిరింది, పందెం గెలిచినట్టు.

"పూరాగ పోయే మందు నా దగ్గర లేదు," అన్నారు బాపుతో. "ఎగిరితే ఎగరనీ. పనియ్యి."

తరవాత ఎన్నేళ్ళైనా, దారిలో కనిపిస్తే ఎలా ఉన్నావని అడిగేవారు కాదు. "ఏ పనన్న ఆగిందా బిడ్డా?" అనేవారు. ఆగలేదు సాబ్. ఇప్పటికీ భుజం ఎగురుతూనే ఉంది, చేతులు తొడుగుతూనే ఉన్నాయి. అది మీ చలవే.

ఆ మొదటి సాయంత్రం ఆయన చేతి గాజులు తీయబోతే ఒప్పుకోలేదు. "అందరు చూడాలె," అని చెయ్యి పైకెత్తి, గలగలలాడించుకుంటూ హుస్సేనీ ఆలం వైపు నడిచిపోయారు. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తుండగానే బాపు గద్దె మీద పక్కకు జరిగి, నాకు చోటిచ్చాడు.